ప్రామాణిక నాయనమ్మ

నడుపురం గడియార స్తంభం మీది గడియారం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. దానివల్ల ఊరికి ఏ ఇబ్బందీ లేదు. ఆఫీసులకైతే మరీ సుఖంగా ఉండేది. అలాంటిది, మీసం ఇంకా సరిగ్గా మొలవని ఓ పెద్దింటి కుర్రాడు కారు కొన్ననాడే దాన్ని తీసుకెళ్లి ఆ స్తంభానికి కొట్టాడు. కుర్రాడికి ఏమీ కాలేదు. కారుకి చాలా అయింది. గడియారం మాత్రం ఆ దెబ్బకి ఉలిక్కిపడి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

గడియారం తిరుగుతూ ఉండేసరికి ఏ ఆఫీసరు ఎన్నింటికి వస్తున్నాడో, ఎన్నింటికి పోతున్నాడో టీకొట్టు ముందు కూర్చున్న ప్రతివాడికీ తెలిసిపోసాగింది. అప్పుడు ప్రభుత్వం ఆ ప్రమాదాన్ని తీవ్రంగా పరిగణించింది.

ఒక కమిటీ వేశారు. కమిటీ నాలుగు జిల్లాలు తిరిగి, తిరిగినచోటల్లా భోంచేసి, ఇలా తేల్చింది: "ఇరవై ఏళ్ల లోపు చోదకులలో భయం లోపించుటయే ప్రమాదాలకు మూలకారణము. రాష్ట్రంలో భయమునకు కొరత లేదు. అయితే అది నాయనమ్మల వద్ద కేంద్రీకృతమై యున్నది. కావున దానిని యువతకు సక్రమముగా పంపిణీ చేయవలెను."

ఆ మాట మీద నిబంధన పుట్టింది. ఇరవై లోపు వాళ్లు మొట్టమొదటి కారు కొనాలంటే, ఆ కారులో సొంత నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆఫీసు వెనక మైదానంలో ఒక చుట్టు తిప్పి చూపించాలి. తిరుగుతున్నంతసేపూ నాయనమ్మ కుడి గుప్పిట్లో ఒక నిమ్మకాయ ఉంటుంది. భయం వేసినకొద్దీ ఆవిడ గుప్పిడి బిగుస్తుంది. గుప్పిడి బిగిసినకొద్దీ రసం కారుతుంది. చెంచాడు దాటితే ఆ కారు వేగవంతమైనది, కొనడానికి వీల్లేదు. చెంచా లోపు అయితే కొనుక్కోవచ్చు. నిమ్మకాయే ఎందుకంటే, కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మనవాళ్ల ఆచారం గనుక, ఆచారాన్నీ విజ్ఞానాన్నీ ఒకే గుప్పిట్లో పెట్టామని కమిటీ అధ్యక్షుడు సెలవిచ్చాడు. అమ్మమ్మలు మనవల దగ్గర మరీ మెత్తన గనుక అమ్మమ్మ నిమ్మకాయ చెల్లదని తరవాత ఒక సవరణ కూడా వచ్చింది.

ఈ గొడవలేవీ తాళ్లకోడులో ఉన్న పల్లాలమ్మకి తెలియవు. తెలియవలసిన రోజు వచ్చేదాకా.

పల్లాలమ్మది గీతపని చేసే ఇల్లు. మొగుడు సత్తియ్య బతికున్నన్నాళ్లూ తాడిచెట్లెక్కాడు. చివరికి చెట్టు మీంచే పోయాడు. ఇప్పుడు కొడుకు సూరిబాబు ఎక్కుతున్నాడు. కొడుకు నడుముకి మోకు కట్టుకుని పైకి పాకుతున్నంతసేపూ పల్లాలమ్మ చెట్టు మొదట్లో నిలబడి తల ఎత్తి చూస్తూ ఉంటుంది. చూడొద్దని సూరిబాబు పైనుంచి తిడతాడు. ఆవిడ చూడడం మానదు.

మనవరాలు లోవకుమారికి పద్దెనిమిది నిండాయి. మోటారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. అది తిరగని ఆఫీసు లేదు. తిరిగి తిరిగి నడుపురం బస్టాండులో నీరా కొట్టు పెట్టుకోవడానికి అనుమతి సంపాదించింది. ఊళ్లో కల్లుకి వచ్చే డబ్బుకీ పట్నంలో నీరాకి వచ్చే డబ్బుకీ పొంతనే లేదు. కొట్టు నిలబడితే సూరిబాబు ఇప్పుడెక్కే చెట్లలో సగం ఎక్కితే చాలు. పల్లాలమ్మకి కొట్టు గురించి అర్థమయింది ఆ ఒక్క మాటే. ఆ ఒక్కటీ ఆవిడకి చాలు.

కాకపోతే ఒక చిక్కుంది. సున్నం పూసిన ముంతలో దింపిన నీరా, ఎండ నెత్తికెక్కేలోగా కొట్టు చేరితేనే నీరా. ఐసు పెట్టెలో పెట్టినా అది దారిలో కాలక్షేపం చేసిందా, పులిసి కల్లవుతుంది. నీరాకి కొట్టు ఇస్తారు, కల్లుకి కేసు పెడతారు. తాళ్లకోడు నుంచి నడుపురం దగ్గర దారి కాదు. ఆటోలకి పోస్తే చేతికి గడ్డిపరక మిగలదు. అందుకని చవగ్గా దొరకాలి, వేగంగా పోవాలి, అలాంటి కారొకటి కావాలి.

"చవగ్గా, వేగంగా. రెండూ ఒకేదాంట్లో ఉంటాయటే?" అని అడిగింది పల్లాలమ్మ.

"నువ్వు లేవా మామ్మా? పైసా ఖర్చు లేదు, నోరు తెరిస్తే ఎక్స్‌ప్రెస్సే" అంది లోవ.

ఇద్దరూ కలిసి పాత కార్లమ్మే కాసులు దొడ్డికి వెళ్లారు. నిబంధన వచ్చాక కాసులు కారు మీద మైలేజీ రాయడం మానేశాడు. ప్రతి కారు అద్దం మీదా ఒక అట్టముక్క అతికించి ఉంది. పల్లాలమ్మ ఈ మధ్యే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది కాబట్టి, కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క అట్టా కూడబలుక్కుని చదివింది. 'నాయనమ్మ కునికింది.' 'నాయనమ్మ జపం చేసుకుంది.' 'నాయనమ్మ ఒక్కసారి రామ అంది.'

దొడ్డి మూల, వేపచెట్టు కింద ఎర్రది ఒకటి ఉంది. చిన్న కారు. రంగు అక్కడక్కడా వెలిసింది గానీ చూపు మాత్రం పొగరుమోతు కోడిపుంజు చూపు. దాని మీద అట్ట లేదు.

"దీనికేం రాయలేదేం బాబాయ్?" అని అడిగింది లోవ.

"ఏం రాయమంటావమ్మా? ఓ కుర్రోడు కొందామని ఆళ్ల నాయనమ్మనెక్కించుకుని సందు చివరిదాకా ఎల్లొచ్చాడు. ఆవిడ దిగి, మాటా పలుకూ లేకుండా, చెప్పులు కూడా కారులోనే వొదిలేసి ఇంటికి నడిచెళ్లిపోయింది. అప్పట్నుంచీ దీన్ని అడిగినోడు లేడు. అందుకే చవక."

లోవ ముందు బానెట్ ఎత్తింది, తరవాత టైర్లు నొక్కింది, తరవాత డిక్కీ తెరిచి తాము తెచ్చుకున్న నీళ్ల ముంత అందులో పెట్టింది. పల్లాలమ్మ ముందు సీట్లో కూర్చుంది.

"ఏటే ఇది, నూతిలోకి దిగినట్టుంది?"

"గట్టిగా పట్టుకో మామ్మా."

ఎర్ర కారు దొడ్డిలోంచి బాణంలా బయటపడి, కాలవగట్టు మీద ఒక ఊపు ఊపి తిరిగొచ్చింది. లోవ దిగి పరుగున వెళ్లి డిక్కీ తెరిచింది. ముంతలో నీళ్లు తొణకలేదు. వెనక్కి తిరిగి నాయనమ్మని చూసింది. పల్లాలమ్మ జుట్టు ముడి ఊడిపోయి ఉంది, ముఖం మీద నవ్వుంది.

"మీ తాతయ్య చెట్టు మీంచి కిందకి జారినట్టే దిగేవోడే. అచ్చం అలాగుంది" అంది.

"కాసులు బాబాయ్, ఇది మాదే" అంది లోవ.

"మీది ఎలాగవుద్దమ్మా, ఆఫీసోళ్లు ఔననాలి గదా" అన్నాడు కాసులు, నిమ్మకాయ పిండుతున్నట్టు పిడికిలి చూపించి.

ఆఫీసు పేరు 'యువచోదక ప్రథమ వాహన భయ నిర్ధారణ కార్యాలయము'. పల్లాలమ్మ ఆ బోర్డు చదవడం పూర్తి చేసేలోగా వాళ్ల వెనకున్న ఇద్దరు ముందుకెళ్లిపోయారు. అధికారి త్రివిక్రమరావుది సన్నటి గొంతు, లావుపాటి మాటలు. ఆయన కుర్చీలో కూర్చునేముందు కుర్చీ కాళ్లు ఊపి చూసుకుంటాడు. ఫ్యాను కింద కూర్చోడు, ఊడిపడుతుందని. బల్ల మీద ఒక బుట్ట నిండా నిమ్మకాయలున్నాయి.

"దరఖాస్తుదారు, తత్సంబంధిత నాయనమ్మ, పరీక్షార్థ వాహనము, మూడునూ హాజరేనా?"

"ఆయ్, వచ్చామండి" అంది పల్లాలమ్మ.

మైదానంలో లోవ ఎర్ర కారుని ఒక చుట్టు తిప్పింది. తమకి కావలసిన వేగంతోనే తిప్పింది, దాపరికం లేకుండా. పల్లాలమ్మ గుప్పిట్లో నిమ్మకాయ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. చెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి. పరిగెత్తే చెట్టుని చూస్తే భయమెందుకు? భయమంతా కదలని చెట్టు దగ్గరే కదా, తనవాడు పైనుంటే.

కారు ఆగింది. త్రివిక్రమరావు నిమ్మకాయని అందుకుని, ఎండకేసి తిప్పి చూసి, వాసన చూసి, నొసలు చిట్లించాడు.

"నిమ్మకాయ చెక్కుచెదరలేదు."

"మంచిదేగా బాబూ!"

"మంచిది కాదు. నిబంధనలో 'చుక్క మొదలుకొని చెంచా వరకు' అని స్పష్టముగా ఉన్నది. చుక్క కూడా రాలనప్పుడు పరీక్ష జరిగినట్టే కాదు. సాధనంలో లోపమున్నది."

"నిమ్మకాయ బానే ఉందండి. తాజాదే."

"సాధనం నిమ్మకాయ కాదమ్మా. సాధనం మీరు."

డెబ్బయ్యేళ్ల బతుకులో పల్లాలమ్మని మొండిదన్నారు, నోరుగలదన్నారు గానీ, సాధనమని ఎవరూ అనలేదు.

"మా మామ్మకి భయం లేకపోతే మంచిది గాదాండి?" అంది లోవ.

"భయం లేని నాయనమ్మలు ఈ జిల్లాలో పెద్ద సమస్యగా పరిణమించారు" అన్నాడు త్రివిక్రమరావు. "కొందరు కళ్లు కనిపించని నాయనమ్మలను అద్దెకు తెచ్చుకొనుచున్నారు. ఒకడు నిద్రపోతున్న నాయనమ్మను మంచంతో సహా కారులో ఎక్కించినాడు. ఒకడి నాయనమ్మ నిమ్మకాయను ఉప్పేసుకుని తినేసినది. ఒక నాయనమ్మ కొలత ఇంకొక నాయనమ్మ కొలతకు సరిపోనిచో చట్టం ముందు అందరూ సమానులు ఎట్లగుదురు? బంగారం తూచడానికి ఊరికొక తూకం ఉంటుందా? అందుచేత పైవారి ఉత్తర్వుల ప్రకారం జిల్లా అంతటికీ ఒకే నాయనమ్మను నియమించడమైనది."

ఆయన ఒక గది తలుపు తీశాడు. లోపలినుంచి చల్లటి గాలి కొట్టింది. కిటికీలకి మందపాటి పరదాలు వేసి ఉన్నాయి. మధ్యలో మెత్తటి కుర్చీలో, జరీ అంచు చీర కట్టుకుని, తెల్లగా బొద్దుగా ఒకావిడ కూర్చుని ఉంది. పేరు సీతారావమ్మ. ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని నేర్పి రిటైరయింది. జిల్లాలో నాయనమ్మలకి పోటీ పరీక్ష పెడితే, కారు బొమ్మ చూపించగానే కళ్లు మూసుకున్నది ఈవిడొక్కతే. ప్రభుత్వం వెంటనే నియామక పత్రం ఇచ్చింది.

"ఈమె భయమే ఇక మీదట ఈ జిల్లా భయము" అన్నాడు త్రివిక్రమరావు.

ప్రామాణిక నాయనమ్మని ఇద్దరు నౌకర్లు చెరోవైపూ పట్టుకుని ఎర్ర కారులో కూర్చోబెట్టారు. లోవ తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, అంతే.

"ఓరి నాయనో! చంపేత్తన్నారో!" అని సీతారావమ్మ పెట్టిన కేకకి గడియార స్తంభం మీది పావురాలు లేచిపోయాయి. నిమ్మకాయలో రసం లేదు, గింజలు లేవు, తొక్క కూడా సగమే మిగిలింది.

"కారు ఇంకా కదల్లేదండీ!" అంది లోవ.

"కదలక ముందే ఇంత భయపెట్టినదంటే కదిలిన తరువాత ఏమగును? తిరస్కరించడమైనది."

లోవ కళ్లనీళ్లు పెట్టుకుంది. త్రివిక్రమరావు మనసు లేనివాడు కాదు. తిరస్కరించబడిన అభాగ్యులకు నెలసరి అద్దెకు ఇవ్వడానికని ఆఫీసు ఒక 'ఆమోదిత ప్రథమ వాహనము'ని తయారు చేయించింది. దాన్ని ఇప్పించాడు. అది తెల్లగా, పెద్దగా ఉంటుంది. రెండో గేరు తరవాత గేర్లన్నీ ప్రజాక్షేమం దృష్ట్యా తీసేశారు. దాంట్లో కూర్చుని సీతారావమ్మ గోరింటాకు పెట్టుకుందట, గీత చెరగలేదట. ఇక అప్పీలు కావాలంటే చేసుకోవచ్చునన్నాడు. అప్పీలులో కూడా అదే నాయనమ్మ, అదే నిమ్మకాయ.

"నిమ్మకాయ అదేనాండి?" అంది పల్లాలమ్మ.

"అదే రకము" అన్నాడు త్రివిక్రమరావు, నవ్వకుండా.

మర్నాడు తెలతెలవారుతుండగా నీరా ముంతలు ఎక్కించుకుని తాళ్లకోడులో బయలుదేరారు. ఊరి పొలిమేరలో వాళ్లని ఒక ఎడ్లబండి దాటింది. వంతెన దగ్గర బడిపిల్లల సైకిళ్లు దాటాయి. దారిలో ఎదురైనవాళ్లు ఆ తెల్లకారు నడక చూసి పక్కకి తప్పుకుని, తలపాగా తీసి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగారు.

"ఇంకా ఎవరూ పోలేదు బాబూ, పోయేలోగా చేరతామేమోనని ఎల్తన్నాం" అంది పల్లాలమ్మ.

కొట్టు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఐసు నీళ్లయింది. ముంత మూత తీస్తే బుసబుసమని పొంగింది. బస్టాండులో కాపలా కాస్తున్న ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు ముక్కు ఎగబీల్చి, చేతిలో లాఠీతో ముంత అంచు మీద టంగుమని కొట్టాడు.

"ఇది కల్లు."

"దింపినప్పుడు నీరానేనండి. కారు నెమ్మది."

"కారు సంగతి నాకెందుకు? నాకు ముంత సంగతే తెలుసు. మొదటి తప్పు కాబట్టి పారబోసి పొండి. ఇంకోసారి ఈ కొట్టులో పులిసిన ముంత కనబడిందా, అనుమతి రద్దు."

ఆ సాయంత్రం సూరిబాబు తల్లి చేతిలోంచి ఖాళీ ముంతలు అందుకుని మోకు భుజాన వేసుకున్నాడు. మిగిలిన చెట్లెక్కడానికి వెళ్లాడు. పల్లాలమ్మ వెనకే వెళ్లి చెట్టు మొదట్లో నిలబడింది.

లోవ కొట్టుకి తాళం వేసి అప్పీలు పెట్టింది. విచారణ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే వసారాలో కూర్చునే పల్లాలమ్మకి సీతారావమ్మతో స్నేహం కుదిరింది. పరదా పక్కకి తప్పించి సీతారావమ్మే పిలిచింది.

"ఏమండోయ్, మీరేనా భయం లేని ఆవిడ? లోపలికి రండి. ఎవరైనా వస్తే దుప్పటి కింద దూరండి. నాకు మనుషులతో మాట్లాడ్డం నిషేధం."

"అదేం పాపమండి?"

"నా భయం చెడిపోతుందట! బస్సెక్కకూడదు, అలవాటు పడిపోతానని. ఇంటికి పల్లకీలో పంపుతారు. టీవీ చూడకూడదు, అందులో కార్లొస్తాయని. ఆవకాయ తినకూడదు, ధైర్యం వస్తుందని. పొద్దున్నే ఒక నౌకరు తలుపు చాటునుంచి 'భౌ' అంటాడు. నేను ఉలిక్కిపడ్డానని సంతకం పెట్టాలి. ఓ రోజు నవ్వొచ్చింది. మెమో ఇచ్చారు." సీతారావమ్మ గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా పల్లాలమ్మగారూ? మీ మనవరాలి ఎర్ర కారు నాకు నచ్చింది. చిన్నప్పుడు రంగులరాట్నం ఎక్కనీమని ఎంత ఏడ్చానో! మా నాన్న ఎక్కనివ్వలేదు. తరవాత మా ఆయన ఎక్కనివ్వలేదు. ఇప్పుడు ప్రభుత్వం ఎక్కనివ్వదు."

"మరి ఎక్కినప్పుడు అంత కేకేశారేం?"

"అలవాటండీ. అరవై ఏళ్ల నుంచీ అదే కేక. ఆపడమెలాగో తెలీదు."

పల్లాలమ్మ ఆవిణ్ని చూసి నిట్టూర్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఈవిణ్ని పుట్టినప్పటినుంచీ వరసపెట్టి అందరూ తన్నినట్టే ఉంది.

ఇంతలో పైనుంచి ఒక తాఖీదు వచ్చింది. ఎండలు ముదిరినందున, చెమట వల్ల నిమ్మకాయ జారి కొలత తప్పే ప్రమాదమున్నందున, ప్రామాణిక నాయనమ్మకు రోజూ ఒక చలవ పానీయం ఇవ్వవలెను. అది ప్రభుత్వం ప్రోత్సహిస్తున్న నీరాయే కావలెను. జిల్లాలో నీరా కొట్టు, మూసి ఉన్నా, లోవది ఒక్కటే. అప్పీలు విచారణ రోజునే మొదటి ముంత తెమ్మని త్రివిక్రమరావు ఉత్తర్వు ఇచ్చాడు.

ఆ రోజు తెల్లకారు మామూలు కంటే నెమ్మదిగా నడిచింది. ముందు బాతుల మంద ఒకటి అడ్డం పడింది, వాటిని దాటే శక్తి దానికి లేదు. ఆఫీసు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మైదానంలో కాసులు ఎర్ర కారుతో ఎదురుచూస్తున్నాడు. పల్లాలమ్మ ముంత దింపి మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే మూసేసింది.

"బాబూ, ఇది పోయడానికి లేదండి. పులిసిపోయింది. రేపు తెత్తాం."

త్రివిక్రమరావు గడియారం చూసుకున్నాడు. "ఉత్తర్వులో ఏమని ఉన్నది? 'నీరా' అని ఉన్నది. మీరు బయలుదేరినప్పుడు ముంతలో ఉన్నది ఏమిటి?"

"నీరాయేనండి. దింపినప్పుడు."

"దారిలో ఎవరైనా దాని పేరు మారుస్తూ ఉత్తర్వు ఇచ్చారా?"

"ఉత్తర్వెవరిత్తారండీ? ఎండ ఇచ్చింది."

"ఎండకు అట్టి అధికారము లేదు. రవాణాలో వస్తువు స్వభావం మార్చుకొనుటకు నిబంధనలు ఒప్పుకొనవు. పైగా అది ఆమోదిత ప్రథమ వాహనంలో వచ్చినది. ఆ వాహనంలో ఏ ప్రమాదమూ జరగదని నేను స్వయంగా ధ్రువీకరించినాను. పోయండి."

"చెప్తున్నాను బాబూ, ఇది కల్లు!"

"అట్లయితే మీరు ప్రభుత్వ కార్యాలయంలోకి కల్లు తెచ్చిన నేరస్తులు. పోస్తే నీరా. ఆలోచించుకొనండి."

లోవ నాయనమ్మ మోచెయ్యి పట్టుకుంది. పల్లాలమ్మ ఆలోచించుకుని పోసింది.

సీతారావమ్మ పెద్ద లోటాతో మొదటిది తాగింది. పెదాలు చప్పరించి, "ఎంత చలవ చేస్తుందో!" అంది. రెండోది ఆవిడే అడిగి తాగింది. మూడోది ముంత ఎత్తే తాగింది. తరవాత నౌకర్లు పట్టుకోవడానికి రాగా వాళ్ల చేతులు విదిలించి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గబగబా నడిచి వెళ్లి ఎర్ర కారు ముందు సీట్లో కూర్చుంది. "నిమ్మకాయ ఇలా పడేయవయ్యా" అంది అధికారితో.

లోవ ఒక చుట్టు తిప్పింది. కేక వినబడలేదు. రెండో చుట్టు తిప్పమని చెయ్యి బయటపెట్టి సైగ చేసిందావిడ. రెండో చుట్టులో పాట వినబడింది, కుట్టుపని తరగతిలో ఆడపిల్లలకి నేర్పిన పాట, చరణాలతో సహా. మూడో చుట్టులో కారు మైదానం గేటు దాటి కాలవగట్టు మీద దుమ్ము లేపుకుంటూ పోయి, ఎంతకీ రాక, చివరికి వచ్చింది. సీతారావమ్మ దిగింది. గుప్పిడి విప్పింది. నిమ్మకాయ పచ్చగా, నున్నగా, కోసినప్పటిలాగే ఉంది. తొడిమ దగ్గర గోటి గాటు పడి ఒకే ఒక్క చుక్క మెరుస్తోంది.

"చుక్క!" అంది పల్లాలమ్మ. "మొదలుకొని చెంచా వరకు అన్నారు గదండి. ఇదిగో, మొదలు."

త్రివిక్రమరావు ముఖం పాలిపోయింది. "ప్రామాణిక నాయనమ్మ మత్తులో ఉన్నది. ఈ పరీక్ష చెల్లదు."

"మత్తేంటండి? తాగింది నీరాయేగా?" అంది లోవ.

ఆయన కలం తీశాడు. నాయనమ్మ తాగి ఉన్నదని రాయాలంటే ముంతలో ఉన్నది కల్లని రాయాలి. కల్లని రాయాలంటే నీరా దారిలో పులిసిందని రాయాలి. పులిసిందని రాయాలంటే ఆమోదిత వాహనం ఎండెక్కేలోపు రాలేకపోయిందని రాయాలి. ఆమోదించింది తనే. పోయమన్నదీ తనే. కలం కాగితానికి ఆనకుండానే మళ్లీ జేబులోకి పోయింది.

"కొలత మీద సందేహమున్నచో అధికారి స్వయముగా వాహనమునెక్కి నివేదిక సమర్పించవలెనని ఉన్నది" అని గొణిగాడు చివరికి. తన నిబంధన తనే గుర్తు చేసుకున్నందుకు ఆ తరవాత చాలాకాలం చింతించాడని చెప్పుకుంటారు.

ఎక్కాడు. నిమ్మకాయ పట్టుకున్నాడు. లోవ పాపం నెమ్మదిగానే పోనిచ్చింది. గేరు మారగానే లోపల టప్‌మని చప్పుడయింది. గింజలు ముందరి అద్దానికి అంటుకున్నాయి. రసం చెంచాలో పట్టలేదు; లోటా తెప్పించారు.

అయినా ఆయన భయం ప్రామాణికం కాదు కదా! జిల్లా భయం సీతారావమ్మది. ఆవిడకి ఒక్క చుక్కే వచ్చింది. కాబట్టి చట్టం ప్రకారం ఆ ఎర్ర కారు నెమ్మదైన కారు. త్రివిక్రమరావు సంతకం పెట్టాడు. పెట్టి, కుర్చీ కాళ్లు ఊపి చూసుకోకుండానే కూలబడ్డాడు.

మైదానంలోనే లోవ నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఆఫీసు బుట్టలోవే. ఎర్ర కారు వాటిని తొక్కుకుంటూ ఊరిదారి పట్టింది.

ఆ తరవాత ప్రామాణిక నాయనమ్మ మళ్లీ పనికి రాలేదు. మత్తు దిగింది గానీ భయం ఎక్కలేదు. తలుపు చాటునుంచి నౌకరు 'భౌ' అంటే తిరిగి 'భౌ' అంది; నౌకరు సెలవు పెట్టాడు. పెన్షన్ కాగితాలు పట్టుకుని నేరుగా బస్టాండుకి పోయి, కనబడిన బస్సల్లా ఎక్కి, అలిసిపోయినప్పుడు లోవ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటోంది.

పోస్టు ఖాళీ అయింది. ప్రామాణిక భయం లేకపోతే జిల్లాలో ఒక్క కుర్రాడికీ కారు రాదు. పైనుంచి పరిశీలన జరిగింది. జిల్లాలో అత్యధిక నిమ్మరసం ఎవరిదని రికార్డులు తిరగేస్తే, లోటా నిండిన వాడొక్కడే కనిపించాడు. ఆయన మగవాడు కదా అని ఒక గుమస్తా సందేహం వెలిబుచ్చాడు. "నాయనమ్మ అనునది పదవి, వ్యక్తి కాదు" అని జవాబొచ్చింది. మరునాడే త్రివిక్రమరావుని పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌చార్జి ప్రామాణిక నాయనమ్మగా నియమించారు. పరదాలు మళ్లీ దించారు. ఆవకాయ ఆపేశారు. గుప్పిట్లో నిమ్మకాయ పెట్టారు. సెలవు పెట్టిన నౌకరుని 'భౌ' అనడానికి వెనక్కి పిలిపించారు. చలవ పానీయం ఉత్తర్వు మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.

అందుకని పొద్దున్నే కొట్టు తెరిచాక పల్లాలమ్మ ఒక గ్లాసు నీరా పట్టుకుని ఆఫీసుకి వెళుతుంది. ఆవిడకిప్పుడు తీరిక ఉంది. సూరిబాబు సగం చెట్లే ఎక్కుతున్నాడు. మిగతా సగం పొద్దూ నేల మీదే ఉంటున్నాడు. పరదా సందులోంచి ఆవిడ గ్లాసు లోపలికి అందిస్తుంది. లోపలినుంచి వచ్చిన చెయ్యి గ్లాసు పట్టుకుని ఆగుతుంది.

"పల్లాలమ్మా, ఇది పులవలేదు కదా?"

"పులవడానికి దానికి టైమేదండీ బాబూ? ఎర్ర కారులో వచ్చింది."

ఆ మాట వినగానే లోపల టప్‌మంటుంది. నౌకరు పరుగున లోటా తెస్తాడు.